నాలుగు మైకుల రికార్డింగు ఒకే ఫైలులో: ఛానళ్ళ వరస చెదరకుండా చేసే పద్ధతి

జముకు అనే వాద్యంతో చెప్పే జముకుల కథనో, తప్పెటగుళ్ళనో నాలుగు మైకులతో రికార్డు చేసి తెచ్చుకున్నవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. "నాలుగు మైకులు పెట్టాం, ఫోనులో రెండే వినిపిస్తున్నాయి." "కథ చెప్పే ఆవిడ గొంతు కుడి స్పీకరులోకి వెళ్ళిపోయింది." "మధ్యలో బ్యాటరీ అయిపోయింది, ఫైలు తెరుచుకోవడం లేదు." విశాఖ చుట్టుపక్కల ఊళ్ళలో ఈ కళలు ఆడేవారిలో వయసు మళ్ళినవారు ఎందరో ఉన్నారు. అదే గొంతును మళ్ళీ రికార్డు చేసే వీలు దొరకకపోవచ్చు. అందుకే ఫైలు విషయంలో ఇంత జాగ్రత్త పడమంటున్నాను.

కింద చెప్పిన పనులన్నిటికీ మూలం ఒక్కటే. ఫైలుకు మీ మైకుల పేర్లు తెలియవు, వరస మాత్రమే తెలుసు. ఆ వరసను మీరు ముందే నిర్ణయించి, రాసి, ఫైలు చేతులు మారిన ప్రతిసారీ సరిచూడాలి.

## 1. ముందుగా తెలియాల్సింది: ఫైలులో ఛానళ్ళు ఎలా ఉంటాయి

ఒక్కో మైకు నుంచి వచ్చే శబ్దాన్ని రికార్డరు సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది. సీడీ ప్రమాణంలో అయితే 44,100 సార్లు. ఫైలులో ఒక్కో మైకు శబ్దానికి ఉండే విడి చోటును ఛానల్ అంటారు. ఒక్కో కొలతను శాంపిల్ అంటారు. 16 బిట్లలో రికార్డు చేస్తే శాంపిల్‌కు 2 బైట్లు, 24 బిట్లలో అయితే 3 బైట్లు పడతాయి.

శబ్దాన్ని కుదించకుండా రాసే వేవ్ (.wav) ఫైలులో మొదటి మైకు శబ్దం మొత్తం రాసి, తరవాత రెండో మైకుది మొదలుపెట్టరు. పంక్తి భోజనంలో వడ్డించినట్టు సాగుతుంది ఆ పని: మొదటి ఛానల్‌కు ఒక శాంపిల్, రెండో ఛానల్‌కు ఒకటి, మూడోదానికి, నాలుగోదానికి, మళ్ళీ మొదటిదానికి. ఒక చుట్టు పూర్తయితే దాన్ని ఫ్రేము అంటారు. నాలుగు ఛానళ్ళు, 24 బిట్లు అయితే ఫ్రేముకు 12 బైట్లు. ఈ 12ను గుర్తుపెట్టుకోండి, పాడైన ఫైలును బతికించేటప్పుడు పనికొస్తుంది.

ఎన్ని ఛానళ్ళో, సెకనుకు ఎన్ని శాంపిళ్ళో, శాంపిల్‌కు ఎన్ని బిట్లో ఫైలు మొదట్లో ఉండే హెడ్డర్‌లో రాసి ఉంటాయి. మామూలు వేవ్ ఫైలులో హెడ్డర్ 44 బైట్లు. విస్తరించిన రకం హెడ్డర్‌లో దీనికి తోడు ఛానల్ మాస్క్ అనే సంఖ్య ఉంటుంది. ఏ ఛానల్ ఏ స్పీకరుకు వెళ్ళాలో అది చెబుతుంది. ముందు ఎడమకు 1, ముందు కుడికి 2, మధ్యకు 4, లోతైన బాస్ శబ్దం కోసం సబ్‌వూఫరుకు వెళ్ళే ఎల్ఎఫ్ఈ ఛానల్‌కు 8, వెనక ఎడమకు 16, వెనక కుడికి 32. ఉన్నవాటిని కూడితే మాస్క్ వస్తుంది. మామూలు స్టీరియోకు 3. వెనక స్పీకర్లు ఉన్న 5.1కు, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు ఉన్న అమరికకు, 63.

గమనించండి, ఇవన్నీ స్పీకర్ల స్థానాలు. "మూడో ఛానల్ జముకు" అని మాస్క్ ఎక్కడా చెప్పదు. ఆ సంగతి మీరే రాసుకోవాలి.

## 2. బయలుదేరే ముందు: కాగితం మీద వరస

రికార్డరు బయటికి తీయకముందే ఒక కాగితం తీసుకోండి. జముకుల కథకు నేను సూచించే వరస ఇది:

- ఛానల్ 1: కథ చెప్పేవారు
- ఛానల్ 2: వంత పాడేవారు
- ఛానల్ 3: జముకు
- ఛానల్ 4: ప్రేక్షకులు, పరిసరాలు

ఈ వరసే ఎందుకంటే, సాధారణ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు మొదటి రెండు ఛానళ్ళనే ఎడమ, కుడి అనుకుని వినిపిస్తాయి. ఎవరైనా ఫైలును అజాగ్రత్తగా తెరిచినా కథ, వంత వినిపించాలి. పరిసరాల మైకును ఒకటో ఛానల్‌లో పెట్టి, గొంతును నాలుగులో పెట్టారనుకోండి, విన్నవాడు రికార్డింగే పాడైందనుకుని పక్కన పడేస్తాడు.

ప్రతి మైకు కేబులుకు రెండు చివరలా అదే అంకె వేసిన టేపు అంటించండి. ఒక చివర అంటిస్తే చాలదు. చీకట్లో, జనం మధ్య కేబులు ఊడితే రికార్డరు దగ్గరి చివర ఏ మైకుదో తెలియాలి.

బ్యాగు సర్దేటప్పుడు చూసుకోండి
- వరస రాసిన కాగితం, దాని ఫోటో ఫోనులో
- అంకెల టేపు అంటించిన కేబుళ్ళు, ఒకటి అదనంగా
- నిండా ఛార్జి చేసిన రెండు జతల బ్యాటరీలు
- ఖాళీ చేసిన మెమరీ కార్డు, ఇంకొకటి అదనంగా
- ప్రతి మైకుకూ గాలి తొడుగు
- తీగ ఉన్న హెడ్‌ఫోను
- సిలికా జెల్ పొట్లాలు

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆర్కే బీచ్, భీమిలి ప్రాంతాల్లో ఉప్పుగాలి మైకు కనెక్టర్లను త్వరగా తుప్పు పట్టిస్తుంది. కనెక్టరు వదులైతే ఒక ఛానల్ మాత్రం ఉండీ ఉడిగీ వస్తుంది. ఇంటికి వచ్చాక దాన్ని బాగుచేసే మార్గం లేదు.

హెడ్‌ఫోనుకు తీగ ఉండాలనడానికీ కారణం ఉంది. బ్లూటూత్ హెడ్‌ఫోనులో శబ్దం ఆలస్యంగా చేరుతుంది. దాని మైకు పనిచేయడం మొదలైతే చాలా పరికరాల్లో వినికిడి ఒకే ఛానల్‌కు పడిపోతుంది.

## 3. కార్డులో చోటు, 4 జీబీ గోడ

లెక్క సులువు: సెకనుకు శాంపిళ్ళు × శాంపిల్‌కు బైట్లు × ఛానళ్ళు.

48,000 × 3 × 4 = 5,76,000 బైట్లు. గంటకు దాదాపు 2.07 జీబీ. ఆరు ఛానళ్ళయితే గంటకు 3.11 జీబీ.

మామూలు వేవ్ ఫైలు హెడ్డర్‌లో సైజు రాయడానికి 32 బిట్ల చోటే ఉంది. కాబట్టి ఫైలు దాదాపు 4.29 జీబీ దాటలేదు. నాలుగు ఛానళ్ళు, 24 బిట్లు అయితే 2 గంటల 4 నిమిషాలకు ఆ హద్దు వస్తుంది. ఆరు ఛానళ్ళకు సుమారు 82 నిమిషాలకే వస్తుంది. రాత్రంతా సాగే కథకు ఇది ఏ మూలకూ చాలదు.

చాలా రికార్డర్లు 2 జీబీ లేదా 4 జీబీ దగ్గర ఆ ఫైలును ముగించి కొత్తది మొదలుపెడతాయి. మంచి రికార్డరులో మధ్య ఒక్క శాంపిల్ కూడా పోదు. మీ దానిలో పోతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోండి: రేడియో పెట్టి హద్దు దాటేదాకా రికార్డు చేసి, రెండు ఫైళ్ళనూ పక్కపక్కన చేర్చి అతుకు దగ్గర వినండి. పెద్ద ఫైళ్ళ కోసం వేవ్‌ను విస్తరించిన ఆర్ఎఫ్64 రకంలో రాసే సదుపాయం ఉంటే 4 జీబీ హద్దు ఉండదు. అయితే కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే అక్కడ మళ్ళీ అదే హద్దు అడ్డొస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ కార్డు వాడండి.

## 4. వేదిక దగ్గర: పిలుపు పరీక్ష

మైకులు పెట్టే వరస, కాగితం మీది వరస ఒకటే కావాలి. ఒకటో మైకు పెట్టి, ఒకటో ఇన్‌పుట్‌కు కలిపి, స్థాయి చూసి, ఆ తరవాతే రెండోదాని దగ్గరికి వెళ్ళండి. నాలుగూ ఒకేసారి పరిచి తరవాత కలపడం మొదలుపెడితే తారుమారు కావడం ఖాయం.

కథ ఉచ్ఛస్థాయికి వెళ్ళినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్ల దగ్గర ఆగేలా స్థాయి పెట్టండి. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు స్థాయి కాస్త తక్కువైనా నష్టం లేదు, సున్నా తాకితే మాత్రం గొంతు పగిలిపోతుంది. జముకు, తప్పెట దెబ్బలు మీటరు చూపేదానికంటే చురుకైనవి. వాటికి ఇంకా దిగువన, మైనస్ 18 దగ్గర పెట్టినా తప్పులేదు.

ఇప్పుడు అసలు పని. రికార్డింగు నడుస్తుండగా ఒక్కో మైకు దగ్గరికి వెళ్ళి గట్టిగా చెప్పండి: "ఒకటో ఛానల్, కథ." "రెండో ఛానల్, వంత." అలా నాలుగూ. చివర వేదిక మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి.

ఈ అరనిమిషం పిలుపు ఫైలులోనే ఉండిపోతుంది. కాగితం పోయినా, ఫైలు పేరు మారినా, ఎన్నేళ్ళ తరవాత ఎవరు తెరిచినా ఏ ఛానల్ ఏదో ఆ గొంతే చెబుతుంది. ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే పాటిస్తానంటే దీన్నే పాటించండి.

పిలుపు అయ్యాక హెడ్‌ఫోనులో ఒక్కో ఛానల్‌ను విడిగా వినండి. నాలుగూ కలిపి వింటే ఒక మైకు చచ్చిపోయినా తెలియదు. కళాభారతి వంటి హాలులో అయితే కరెంటు తీగల 50 హెర్ట్‌జ్ గుంయ్‌మనే శబ్దం కోసం, ఆరుబయట అయితే గాలి కోసం చెవి పెట్టండి.

## 5. ఇంటికి వచ్చాక: ముందు నకలు, తరవాత పరిశీలన

కార్డులోని ఫైళ్ళను రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేయండి. రెండూ తెరుచుకుంటున్నాయని చూసేదాకా కార్డును ముట్టుకోవద్దు.

తరవాత మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఫైలును తెరవండి. అది శబ్దాన్ని వినిపించదు, హెడ్డర్ చదివి చూపిస్తుంది. నాలుగు విషయాలు చూడండి: ఛానళ్ళ సంఖ్య, శాంపిల్ రేటు, బిట్లు, నిడివి. నిడివి మీ గడియారం లెక్కతో సరిపోవాలి.

కొన్ని రికార్డర్లు నాలుగు ఛానళ్ళనూ ఒకే ఫైలులో రాస్తాయి. సినిమా శబ్దగ్రాహకులు దాన్ని పాలీ వేవ్ అంటారు. మరికొన్ని ఒక్కో మైకుకు ఒక్కో ఫైలు, లేదా రెండేసి మైకులకు ఒక స్టీరియో ఫైలు రాస్తాయి. "నాలుగు మైకులు పెడితే రెండే వినిపిస్తున్నాయి" అనేవారిలో చాలామందికి రెండో ఫైలు అదే ఫోల్డరులో భద్రంగా ఉంటుంది. మిగిలినవారి విషయంలో ఫోనే నాలుగు ఛానళ్ళ ఫైలులో మొదటి రెంటినే వినిపిస్తూ ఉంటుంది.

## 6. ఆడాసిటీలో విడదీయడం, పేర్లు పెట్టడం, మళ్ళీ కలపడం

నాలుగు ఛానళ్ళ వేవ్ ఫైలును ఆడాసిటీ అనే ఉచిత శబ్ద ఎడిటింగు సాఫ్ట్‌వేరులోకి తీసుకుంటే నాలుగు విడివిడి ట్రాకులు కనిపిస్తాయి. పై నుంచి కిందికి ఫైలులోని వరసే ఉంటుంది.

1. ఒక్కో ట్రాకును సోలోలో పెట్టి (అప్పుడు అదొక్కటే వినిపిస్తుంది) పిలుపు వినండి.
2. ట్రాకు పేరు మార్చి "1 కథ", "2 వంత" అని రాయండి. అంకె ముందు ఉండాలి.
3. ప్రాజెక్టును సేవ్ చేయండి. ఇంతవరకూ ఏ శబ్దాన్నీ మార్చకండి.
4. మళ్ళీ ఒకే ఫైలుగా కావాలంటే ఎక్స్‌పోర్ట్ కిటికీలో ఛానళ్ళ దగ్గర మోనో, స్టీరియో కాక మూడోది, కస్టమ్ మ్యాపింగ్, ఎంచుకోండి. ఏ ట్రాకు ఏ ఛానల్‌కు వెళ్ళాలో గీతలతో చూపుతుంది. ఒక్కో గీతనూ చూసి సరిచేయండి.
5. వచ్చిన ఫైలును మళ్ళీ తెరిచి పిలుపు వినండి.

నాలుగో మెట్టులో తొందరపడి స్టీరియో నొక్కితే నాలుగు ఛానళ్ళూ రెంటిలో కరిగిపోతాయి. అలా కలిసిన శబ్దాన్ని తిరిగి శుభ్రంగా విడదీయలేం.

స్టీరియో ట్రాకును రెండుగా చీల్చేటప్పుడు ఆడాసిటీ రెండు దారులు చూపుతుంది. ఒకటి చీల్చినా ఎడమను ఎడమవైపే, కుడిని కుడివైపే ఉంచుతుంది. రెండోది రెంటినీ మధ్యకు తెస్తుంది. మైకులను విడిగా పరిశీలించడానికి రెండోదే కావాలి.

పరిసరాల మైకు వేదికకు దూరంగా ఉంటే దానికి శబ్దం ఆలస్యంగా చేరుతుంది. మన ఎండలో, 30 డిగ్రీల దగ్గర, శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు వెళ్తుంది. మీటరుకు దాదాపు 138 శాంపిళ్ళ ఆలస్యం. పది మీటర్లకు సుమారు 29 మిల్లీసెకన్లు. మొదట కొట్టిన చప్పట్ల ఆనవాలు నాలుగు ట్రాకుల్లోనూ కనబడుతుంది, ఈ తేడాను కంటితో కొలవవచ్చు. ఆలస్యమైన ట్రాకును జరిపి సరిచేయాలా వద్దా అన్నది మీ అభిరుచి. హాలులో ఉన్న భావన కావాలంటే జరపకుండా ఉంచడమే బాగుంటుందని నా అభిప్రాయం. ఏది చేసినా నకలులో చేయండి, మూల ఫైలులో వద్దు.

## 7. 5.1 కోసం అయితే: ఒకే ఆరు, వేర్వేరు వరసలు

నృత్యరూపకానికో, లఘుచిత్రానికో 5.1 చేస్తున్నవారికి ఎక్కువగా చిక్కొచ్చేది ఇక్కడే. ఆరు ఛానళ్ళు అవే, వరస మాత్రం ఫార్మాటును బట్టి మారుతుంది. (ఫ్లాక్, ఏఏసీ, ఓపస్, వోర్బిస్ అనేవి శబ్దాన్ని కుదించి దాచే ఫార్మాట్లు.)

- వేవ్, ఫ్లాక్: ఎడమ, కుడి, మధ్య, ఎల్ఎఫ్ఈ, వెనక ఎడమ, వెనక కుడి
- సినిమా మిక్సింగులో తరచు వాడేది: ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, ఎల్ఎఫ్ఈ
- ఏఏసీ లోపల: మధ్య, ఎడమ, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, ఎల్ఎఫ్ఈ
- ఓపస్, వోర్బిస్ లోపల: ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, ఎల్ఎఫ్ఈ

ఈ పట్టిక చూసి మీరే చేత్తో వరస మార్చడానికి పూనుకోవద్దు. వేవ్ వరసలో ఇస్తే ఏఏసీకో ఓపస్‌కో మార్చే సాఫ్ట్‌వేరు తన వరసలోకి తానే తిప్పుకుంటుంది. మీరు ముందే తిప్పి ఇస్తే రెండుసార్లు తిరుగుతుంది.

తప్పు జరిగితే చెవితోనే పట్టుకోవచ్చు. వేవ్ వరసలో ఉన్న ఫైలును సినిమా వరస అనుకుని వాయిస్తే మాటలు కుడి స్పీకరులో వస్తాయి, కుడివైపు సంగీతం మధ్యలోకి వస్తుంది, వెనక కుడి శబ్దం సబ్‌వూఫరులోకి పోతుంది. మాటలు సబ్‌వూఫరులో గొణిగినట్టు వస్తే మధ్య ఛానల్, ఎల్ఎఫ్ఈ తారుమారయ్యాయని అర్థం.

ఇంకొక మాట. నాలుగు ఛానళ్ళ ఫైలు అన్నంత మాత్రాన నాలుగు మైకులని కాదు. అన్ని దిక్కుల శబ్దాన్నీ పట్టే ఆంబిసోనిక్ మైకు కూడా నాలుగు ఛానళ్ళే ఇస్తుంది. అందులోనూ డబ్ల్యూ, వై, జెడ్, ఎక్స్ అనే వరస ఒకటి, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ అనే పాత వరస ఒకటి ఉన్నాయి. అలాంటి ఫైలు ఎవరికైనా ఇస్తే ఏ వరసో తప్పక రాసివ్వండి.

## 8. దాచడానికి ఒక ఫార్మాటు, పంచడానికి ఇంకొకటి

దాచుకోవడానికి వేవ్ గానీ ఫ్లాక్ గానీ వాడండి. ఫ్లాక్ ఒక్క బిట్టు కూడా పోకుండా కుదిస్తుంది, 8 ఛానళ్ళదాకా పడుతుంది, చాలా రికార్డింగులను దాదాపు సగానికి తెస్తుంది. ఛానళ్ళ పేర్లను వ్యాఖ్యలుగా రాసుకునే చోటు కూడా అందులో ఉంది. ఫ్లాక్‌లో ఒక్కో చిన్న భాగంలో ఒక్కో ఛానల్‌కు విడి గది ఉంటుంది. స్టీరియో అయితే ఎడమ, కుడి రెంటినీ విడిగా దాచే బదులు ఒకదాన్నీ, వాటి మధ్య తేడానూ దాచి చోటు మిగల్చగలదు, విప్పినప్పుడు రెండూ యథాతథంగా వస్తాయి.

మామూలు ఎంపీ3లో రెండు ఛానళ్ళే ఉంటాయి. నాలుగు మైకుల రికార్డింగును ఎంపీ3గా మాత్రమే దాచడమంటే రెండు మైకులను పారేయడమే. పైగా తక్కువ బిట్‌రేటులో, ఎడమ కుడిలను కలిపి కుదించే జాయింట్ స్టీరియో వాడితే, ఎడమలో ఉన్నవారి గొంతు కుడిలోకి లీలగా చేరవచ్చు. ముఖాముఖిలో ఇద్దరి గొంతులనూ విడిగా ఉంచాలనుకునేవారు ఇది గమనించాలి.

## 9. ఫోనులో వినేవారి కోసం స్టీరియోకు దించడం

5.1ను స్టీరియోకు దించేటప్పుడు మధ్య ఛానల్‌ను 3 డెసిబెల్లు తగ్గించి ఎడమ, కుడి రెంటిలోనూ కలుపుతారు. వెనక ఎడమను కూడా అలాగే తగ్గించి ఎడమలో, వెనక కుడిని కుడిలో కలుపుతారు. ఎల్ఎఫ్ఈని సాధారణంగా వదిలేస్తారు. కాబట్టి ముఖ్యమైన డప్పు శబ్దాన్ని ఎల్ఎఫ్ఈలో మాత్రమే ఉంచకండి. కలిపాక మొత్తం స్థాయి పెరిగి సున్నా దాటవచ్చు, ముందే తగ్గించుకోండి.

నాలుగు మైకుల జానపదానికి ఇంత లెక్క అక్కరలేదు. గొంతు మధ్యలో, వంత కొంచెం ఎడమకు, జముకు కొంచెం కుడికి, పరిసరాలు వెనక సన్నగా. చివర మోనోలో కలిపి తప్పక వినండి. ఒక్క స్పీకరు ఉన్న ఫోనులో వినేవారే మనకు ఎక్కువ.

## 10. తరచు వచ్చే తప్పులు, వాటి మరమ్మతు

మోనోలో వినగానే గొంతు పలచబడింది, లేదా మాయమైంది. ఒకే శబ్దాన్ని పట్టిన రెండు ఛానళ్ళలో ఒకదాని తరంగం తలకిందులుగా ఉంది. కేబులులో రెండో, మూడో పిన్నులు తారుమారైతే ఇలా జరుగుతుంది. ఆడాసిటీలో ఒక ట్రాకు ఎంచుకుని ఇన్వర్ట్ చేయండి. గొంతు నిండుగా వస్తే కారణం అదే. ఆ కేబులును పక్కన పెట్టండి.

శబ్దం సగం వేగంతో, లావుపాటి గొంతులో, గరగరతో వస్తోంది. నాలుగు ఛానళ్ళ సమాచారాన్ని సాఫ్ట్‌వేరు రెండు ఛానళ్ళనుకుని చదువుతోంది. నిడివి రెట్టింపు చూపుతుంది. ఛానళ్ళ సంఖ్య సరిచేస్తే చాలు.

బ్యాటరీ పోయి ఫైలు తెరుచుకోవడం లేదు. కంగారు పడవద్దు. శబ్దం కార్డులో ఉండే అవకాశం ఎక్కువ. చివర్లో హెడ్డర్‌లో రాయాల్సిన సైజు రాయలేదు, అంతే. ముందు నకలు తీయండి. ఆడాసిటీ ఇంపోర్ట్ మెనూలో రా డేటా ఎంచుకుని 24 బిట్లు, లిటిల్ ఎండియన్, 4 ఛానళ్ళు, 48,000 అని ఇవ్వండి. ఎన్ని బైట్లు వదిలి మొదలుపెట్టాలో అడుగుతుంది. 44 ఇచ్చి చూడండి.

వచ్చింది హోరు మాత్రమే అయితే బైట్లు జారాయి. రికార్డర్లు తరచు హెడ్డర్‌లో అదనపు వివరాలు రాస్తాయి కనుక అది 44 కంటే పెద్దది కావచ్చు. అప్పుడు 45, 46 ప్రయత్నించండి. శబ్దం శుభ్రంగా వచ్చి ఛానళ్ళు మాత్రం ఒకటి పక్కకు జరిగితే, శాంపిల్‌కు 3 బైట్లు కాబట్టి మూడేసి బైట్లు కలుపుతూ వెళ్ళండి. ఫ్రేము 12 బైట్లే కనుక 44 నుంచి 55 లోపల ఏదో ఒకటి సరిపోయి తీరాలి. హెడ్డర్ బైట్లు మొదట్లో చిన్న టప్పుమన్న శబ్దంగా వినిపిస్తే కోసేయండి. ఏ ఛానల్ ఏదో ఇక్కడ కూడా పిలుపే చెబుతుంది.

రెండు వేర్వేరు రికార్డర్ల ఫైళ్ళు మొదట్లో కలిసి నడిచి, గంటకల్లా ఒకదానికొకటి పొంతన తప్పాయి. వాటి గడియారాల వేగాల్లో తేడా ఉంది. మొదట్లోనూ చివరా చప్పట్లు కొట్టి ఉంటే రెంటి మధ్య నిడివి కొలిచి, ఒకదాన్ని ఆ మేరకు సాగదీయవచ్చు. చివరి చప్పట్లు మరిచిపోకండి.

## 11. ఎవరికైనా అప్పగించే ముందు

- ఫైలు పేరులో తేదీ, ఊరు, కళారూపం, ఛానళ్ళ సంఖ్య
- అదే ఫోల్డరులో చిన్న పాఠ్య ఫైలు: ఏ ఛానల్ ఏది, శాంపిల్ రేటు, బిట్లు, ఎన్ని ముక్కలు
- 5.1 అయితే ఏ వరసో ఒక్క వాక్యం
- మీడియాఇన్ఫో చూపిన ఛానళ్ళ సంఖ్య, పాఠ్య ఫైలులో రాసినది ఒకటేనా
- పిలుపు ఉన్న మొదటి నిమిషం కోయలేదు కదా
- పాడినవారికి ఇవ్వడానికి విడిగా ఒక స్టీరియో నకలు

పాడినవారి నకలును వారి ఫోనులోనే మీరు ఒకసారి తెరిచి వినిపించండి. నాలుగు ఛానళ్ళ ఫైలు పొరపాటున వారికి వెళ్ళి ఉంటే, జముకు వినబడటం లేదని అక్కడికక్కడే తెలుస్తుంది, స్టీరియోది ఇచ్చి రావచ్చు.